ఫామ్, విజిల్, సెలెక్షన్: మీరు కళ్లారా చూసింది చెప్పండి

ఉప్పల్ గ్యాలరీ:
ఫామ్ లేని ఆటగాడికి ఎన్ని మ్యాచ్‌లు ఇవ్వాలి? దీని మీద మా వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరిగి ఇద్దరు బయటికి వెళ్లిపోయారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆటల్లో రాజకీయం చూసినవాళ్లుంటే అదీ చెప్పండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం ఫామ్ అంటున్నదాంట్లో సగం ఆటగాడి చేతిలో ఉండదు. బంతి ఎప్పుడిచ్చారు, ఏ స్థానంలో దింపారు, వరసగా ఎన్ని మ్యాచ్‌లు ఆడనిచ్చారు అన్నవన్నీ కలిస్తేనే ఫామ్.

సిరాజ్‌నే తీసుకోండి. 2025 చాంపియన్స్ ట్రోఫీ జట్టులో చోటు దక్కలేదు. కొత్త బంతి ఇవ్వకపోతే అతని ప్రభావం తగ్గుతోందని రోహిత్ చెప్పాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఆ సిరీస్‌లో రెండు జట్లలోనూ అంతకన్నా ఎక్కువ తీసినవాడు లేడు. ఓవల్‌లో నాలుగో రోజు ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ బ్రూక్ ఇచ్చిన క్యాచ్ పట్టి, అదే ఊపులో బౌండరీ తాడు తొక్కేశాడు. అప్పుడు బ్రూక్ స్కోరు 19. చివరికి 111 కొట్టాడు. ఆ సాయంత్రం మనవాళ్లే సిరాజ్‌ను ఎన్ని మాటలన్నారో గుర్తుందా? మర్నాడు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. ఆ నాలుగింట్లో మూడు సిరాజ్‌వే. అట్కిన్సన్ వికెట్టు ఎగిరినప్పుడు మనకి మిగిలిన తేడా 6 పరుగులు. ఒక్క రాత్రిలో ఫామ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అతని చేతిలో బంతి పెట్టి కెప్టెన్ నమ్మాడు, అంతే.

మధురవాడ మెట్లు:
అన్నా, నువ్వు సిరాజ్ పేరెత్తావు కాబట్టి మెల్‌బోర్న్ గురించి చెప్పాల్సిందే. 2024 డిసెంబర్ 28. ఆస్ట్రేలియాతో టెస్టులో మా విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి 99 మీద ఉన్నాడు, బుమ్రా డకౌట్ అయ్యాడు, సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. విశాఖలో ఆ పొద్దున ఏ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లూ కదల్లేదు. ఆ మూడు బంతులూ సిరాజ్ ఆపాడు. తర్వాత బోలాండ్ బౌలింగ్‌లో నితీశ్ ఫోర్ కొట్టాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న ఏడుస్తున్న దృశ్యం నేను ఇప్పటికీ చూస్తుంటాను. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన.

ఆ తర్వాత? ఐపీఎల్ 2025లో పరుగులు రాలేదు. లార్డ్స్‌లో తన మొదటి ఓవర్లోనే డకెట్‌నీ క్రాలీనీ అవుట్ చేశాడు, ఆ వెంటనే మోకాలి గాయంతో ఇంటికొచ్చాడు. అతను బ్యాట్స్‌మనా, నాలుగో పేస్ బౌలరా అన్నది జట్టుకే తేలలేదు. ఎనిమిదో స్థానంలో దించి నాలుగు ఓవర్లు ఇచ్చి, ఫామ్ పోయింది అంటే ఎలా?

కడప కుర్రోడు:
ఇద్దరి మాటా గౌరవిస్తాను గానీ ఒప్పుకోను. జట్టులో పదకొండు మందికే చోటు. ఒకడికి ఐదు చాన్సులు ఇచ్చామంటే రంజీలో సెంచరీలు కొడుతున్న ఇంకొకడికి అవి దక్కలేదనే కదా అర్థం. మనవాడని ఎక్కువ ఓపిక, పరాయి రాష్ట్రం వాడని తక్కువ ఓపిక చూపిస్తే అది అభిమానం అవుతుంది గానీ న్యాయం కాదు.

తిలక్ వర్మ చూడండి. 2025 ఏప్రిల్ 4న లక్నోలో 23 బంతుల్లో 25 దగ్గర ఉండగా ముంబై వాళ్లు రిటైర్డ్ అవుట్‌గా వెనక్కి పిలిచారు. అవమానమని మనం గోల చేశాం. ఆ రోజు అతనికి బంతి తగలడం లేదన్నది నిజం. అదే మనిషి సెప్టెంబర్ 28న దుబాయ్‌లో, 20 పరుగులకు మూడు వికెట్లు పోయిన చోట, పాకిస్తాన్ మీద 69 నాటౌట్ చేసి ఆసియా కప్పు తెచ్చాడు. వెనక్కి పిలిచినందుకు అతను పాడైపోలేదు. ఫామ్ లేనప్పుడు లేదనే చెప్పాలి, వచ్చినప్పుడు మళ్లీ తలుపు తియ్యాలి. ఆ రెండోది చెయ్యకపోతేనే నాకు కోపం.

ఉప్పల్ గ్యాలరీ:
ఆ రెండోది ఎవరు చెయ్యాలి తమ్ముడూ? తలుపు తీసేవాడు ఎందుకు తీశాడో, ఎందుకు తియ్యలేదో చెప్తున్నాడా? అసలు గొడవంతా అక్కడే.

ఫ్రిస్కో మావ్స్:
ఆటగాడి ఫామ్ మీద ఇంత కొట్టుకుంటున్నాం, రెఫరీ ఫామ్ సంగతి ఎవరూ ఎత్తరేం? నేను టెక్సాస్‌లో ఉంటాను. ఇక్కడ మన తెలుగువాళ్లు వారాంతాల్లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి, సాయంత్రం బాస్కెట్‌బాల్ చూస్తారు. మా పిల్లలకైతే బాస్కెట్‌బాలే ముందు.

ఇక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ. దాని 2024 ఫైనల్స్ మూడో మ్యాచ్ మా ఊరి పక్కనే, డల్లాస్‌లో. నాలుగో క్వార్టర్లో మా డల్లాస్ వాళ్లు 21 పాయింట్లు వెనకబడి తేడాను మూడుకి తెచ్చారు. ఇంకా 4 నిమిషాల 12 సెకన్లు ఉంది. బోస్టన్ ఆటగాడు బ్రౌన్ దూసుకొస్తుంటే మా డాన్చిచ్ అడ్డం వచ్చి కింద పడ్డాడు. విజిల్. బ్లాకింగ్ ఫౌల్. అది అతనికి ఆరోది, అంటే ఇక ఆట అయిపోయినట్టే. కోచ్ చాలెంజ్ చేశాడు, రెఫరీలు రీప్లే చూసి మార్చలేదు. 106–99తో బోస్టన్ గెలిచింది. మా వీధిలో ఆ రాత్రి రెఫరీని తిట్టని ఇల్లు లేదు. నేను మాత్రం ఆ రీప్లే మళ్లీ మళ్లీ చూశాక అది ఫౌలే అంటాను. ఈ మాటకి ఇక్కడి స్నేహితులు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఎన్‌బీఏలో 2015 నుంచి చివరి రెండు నిమిషాల రిపోర్టు అని ఒకటి వస్తుంది. దగ్గరగా ముగిసిన మ్యాచ్‌లో ఆ చివరి రెండు నిమిషాల్లో ఊదిన ప్రతి విజిల్, ఊదాల్సి ఉండి ఊదని ప్రతి విజిల్ తప్పా ఒప్పా అని మర్నాడు అందరికీ కనిపించేలా పెడతారు. 2025 ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్, న్యూయార్క్ నాలుగో మ్యాచ్ 94–93. ఆఖరి క్షణంలో డెట్రాయిట్ ఆటగాడు హార్డవే మూడు పాయింట్ల షాట్ వేస్తుంటే జోష్ హార్ట్ మీద పడ్డాడు, విజిల్ రాలేదు. మ్యాచ్ అయ్యాక చీఫ్ రెఫరీ అది ఫౌలేనని, ఊదాల్సిందని విలేకరికి చెప్పాడు. ఫలితం మారలేదు. డెట్రాయిట్ వాళ్ల బాధా తగ్గలేదు. కానీ తప్పు జరిగిందన్న మాట తప్పు చేసినవాళ్ల నోటి నుంచే వచ్చింది.

కడప కుర్రోడు:
ఒప్పుకుంటే ఏం లాభం అన్నా? ఆ మూడు ఫ్రీ త్రోలు వెనక్కి వస్తాయా?

ఫ్రిస్కో మావ్స్:
రావు. కానీ మా పెద్దాడు ఆ రిపోర్టు చదివి రూలు నేర్చుకున్నాడు. వాడికి ఇప్పుడు రెఫరీ అమ్ముడుపోయాడు అనే మాట నోట్లోంచి రాదు. అది చిన్న విషయం కాదు.

విజిల్ మాస్టారు:
నేను పీఈటీగా పనిచేశాను. బాస్కెట్‌బాల్ రెఫరీగా జిల్లా, రాష్ట్ర పోటీల్లో విజిల్ ఊదాను. ఫ్రిస్కో బాబు చెప్పిన బ్లాకింగ్ ఫౌల్ గురించి ముందు నాలుగు మాటలు. డిఫెండర్ విగ్రహంలా నిలబడితేనే ఛార్జ్, అంటే ఢీకొట్టిన బంతివాడిది తప్పు, అని చాలామంది అనుకుంటారు. రూలు అది కాదు. ఎదుటివాడి వైపు మొహం పెట్టి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి ముందుగా చోటు సంపాదించుకుంటే చాలు. ఆ తర్వాత పక్కకి జరగవచ్చు, వెనక్కి జరగవచ్చు. ఛాతీకి తగిలితే తప్పు బంతి ఉన్నవాడిది. మోకాలో, తుంటో, చెయ్యో అడ్డం పెడితే తప్పు డిఫెండర్‌ది. ఇది తేల్చడానికి రెఫరీకి అర సెకను కూడా ఉండదు. అందుకే మాకు మొదట నేర్పేది, బంతి వైపు చూడకు, డిఫెండర్ కాళ్ల వైపు చూడు అని. గ్యాలరీలో అందరూ బంతినే చూస్తారు. అందుకే వాళ్లకి కనిపించిందీ మాకు కనిపించిందీ ఒకటి కాదు.

ఇక మన దగ్గరి పరిస్థితి. పెద్ద పోటీల్లో ముగ్గురు రెఫరీలుంటారు. మనకి ఇద్దరు దొరికితే గొప్ప. సిమెంటు కోర్టు, మిట్టమధ్యాహ్నం ఎండ, ఒకరు బోర్డు కింద, ఒకరు వెనకాల. మధ్యలో జరిగే తోపులాట ఎవరికీ సరిగ్గా కనబడదు. షాట్ వెయ్యడానికున్న సమయం లెక్కపెట్టే షాట్ క్లాక్ చాలా చోట్ల లేదు. టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, ఇరవై నాలుగు సెకన్లు అయ్యాక చెయ్యి ఎత్తుతాడు. ఆ చెయ్యి ఒక సెకను ఆలస్యమైతే ఒక పిల్లాడి పాయింట్లు పోతాయి. ఆ ఒక్క బాస్కెట్‌తో జిల్లా జట్టుకి వెళ్లాల్సినవాడు ఇంటికి పోతాడు. మన దగ్గర ఐదో ఫౌల్‌కే ఆటగాడు బయటికి. అది ఊదేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ బరువుగానే లేచేది.

రాజకీయం సంగతి కూడా అడిగారు కదా. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తారు. అప్పటికి రెండో క్వార్టర్ జోరుగా సాగుతుంటుంది. మైకులో ఆట ఆపమంటారు. పిల్లలు చెమటతో వరసలో నిలబడాలి, కరచాలనం, ఫొటో, శాలువా, ప్రసంగం. ఒళ్లు చల్లబడిపోయాక మళ్లీ ఆడమంటారు. కండరాలు పట్టేసి పిల్లలు కూలబడటం నేను చూశాను. ఒకసారి విజిల్ ఊదలేదు, క్వార్టర్ అయ్యేదాకా ఆపనని సైగ చేశాను. ఆ ఏడాది మళ్లీ ఆ పోటీలకి నన్ను పిలవలేదు.

మధురవాడ మెట్లు:
మాస్టారూ, ఆ పని చేసినందుకు మీకు దణ్ణం.

లింగంపల్లి అమ్మ:
మాస్టారూ, మీరు చెప్పిన ఫొటో, శాలువా మా పాప మ్యాచ్‌లోనూ చూశాను. మా పాప అండర్ 15 క్రికెట్ ఆడుతుంది. బాబు బాస్కెట్‌బాల్. నేను తల్లిగా ఒక్కటే అడుగుతున్నాను. పాప ఒక సెలెక్షన్ మ్యాచ్‌లో మూడు వికెట్లు తీసింది. జాబితాలో పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే ఫామ్ చూసి తీసుకున్నామన్నారు. ఏ మ్యాచ్‌ల ఫామ్? ఎవరు రాశారు? ఆ కాగితం ఎక్కడుంది? జవాబు లేదు. మరో నాన్నగారు పక్కకి పిలిచి, ఎవరితోనైనా ఒక మాట చెప్పించండమ్మా అన్నారు. చెప్పించడానికి నాకెవరూ లేరు. ఉన్నా చెప్పించను. రేపు పాపకి వికెట్టు పడ్డా, నా బౌలింగ్‌కి పడిందా, ఆ ఫోన్‌కి పడిందా అని అనుమానం వస్తుంది.

లీగ్ స్కోరర్:
అమ్మా, మీ ప్రశ్న సరైనది. నేను క్రికెట్ లీగ్ మ్యాచ్‌లకి స్కోర్ రాస్తాను. స్కోర్‌బుక్కులో ప్రతి బంతీ ఉంటుంది. ఎవరు వేశారు, ఎవరు ఆడారు, ఎక్కడ పడింది, చుక్కా, పరుగా, వైడా. సాయంత్రానికి రెండు వైపులా కూడి, బౌలింగ్ లెక్కా బ్యాటింగ్ లెక్కా సరిపోయాకే సంతకం పెడతాను. అంత కచ్చితంగా రాసిన పుస్తకం తర్వాత ఎవరి అల్మారాలోకి పోతుందో నాకు తెలియదు. సెలెక్షన్ జాబితా వచ్చినప్పుడు నా పుస్తకంలో వరసగా సున్నాలు చుట్టినవాడి పేరు చూశాను. నా పుస్తకంలో నిండుగా పరుగులున్నవాడి పేరు వెతికాను. అందుకే ఫామ్ అనే మాట వింటే నాకు మండుతుంది. ఫామ్ నా చేత్తో రాశాను, అది చూడమంటే చూసేవాళ్లు లేరు.

ఉప్పల్ గ్యాలరీ:
మా హైదరాబాద్ క్రికెట్ సంఘం కథ ఊరందరికీ తెలుసు. ఇక్కడ ఓటు వేసేది ఆటగాళ్లు కాదు, ప్రధానంగా క్లబ్బులు. ఒకే చేతిలో పలు క్లబ్బులుంటే ఒకే చేతిలో పలు ఓట్లు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావు గారిని ఏకసభ్య కమిటీగా వేసింది. ఆయన 57 క్లబ్బులను ఓటింగ్‌కి దూరం పెట్టారు. ఆ అక్టోబర్‌లో ఎన్నిక జరిగితే అధ్యక్ష పదవి ఒక్క ఓటు తేడాతో తేలింది. 2025 జూలైలో ఆ అధ్యక్షుణ్ణి సీఐడీ అరెస్టు చేసింది. కేసు కోర్టులో తేలాలి, దాని మీద నేను తీర్పు చెప్పను. కానీ 2022 సెప్టెంబర్‌లో టికెట్ల కోసం జింఖానా గ్రౌండ్‌లో తొక్కిసలాట జరిగిన రోజు నా స్నేహితుడు ఆ క్యూలో ఉన్నాడు. కిందపడ్డ ఆడపిల్లల్ని లేపడానికి అతను పడ్డ అవస్థ విన్నాక, సంఘం రాజకీయం మనకెందుకులే అన్న మాట నేను అనలేను.

మధురవాడ మెట్లు:
మా వైపు ఆంధ్ర జట్టు మాజీ కెప్టెన్ విహారి సంగతి. విరిగిన మణికట్టుతో, ఎడమచేతి వాటంగా నిలబడి 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర కోసం బ్యాటింగ్ చేసిన మనిషి అతను. ఏడాది తిరిగింది. 2024 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ మీద 4 పరుగుల తేడాతో ఓడిన రోజు, తన కెప్టెన్సీ ఎందుకు పోయిందో బయటపెట్టాడు. జట్టులో ఒక ఆటగాణ్ణి మందలిస్తే, రాజకీయ నాయకుడైన అతని తండ్రి సంఘానికి చెప్పి తనను తప్పించారన్నాడు. ఆ ఆటగాడు కాదన్నాడు, జట్టు సభ్యులు విహారి పక్షాన సంతకాలు పెట్టారు. జూన్‌లో ప్రభుత్వం మారింది, సంఘం కార్యవర్గం రాజీనామా చేసింది, సెప్టెంబర్‌లో విజయవాడ ఎంపీ అధ్యక్షుడయ్యారు. విహారి తిరిగొచ్చి ఒక సీజన్ ఆడి, 2025లో త్రిపురకు వెళ్లిపోయాడు.

పార్టీ ఏదైనా నా బాధ ఒకటే. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే క్రికెట్ సంఘం ఎందుకు మారాలి? అసెంబ్లీ ఫలితాల రోజు రంజీ ఆటగాడికి టెన్షన్ ఎందుకుండాలి?

కడప కుర్రోడు:
అందరూ చీకటే చెప్తున్నారు. మా జిల్లా మహిళా క్రికెటర్ శ్రీచరణి గురించి చెప్పనివ్వండి. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె. ముందు అథ్లెటిక్స్, తర్వాత క్రికెట్. 2025 జూన్‌లో ఇంగ్లండ్ మీద తొలి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు. ఐదు మ్యాచ్‌లూ ఆడనిచ్చారు, 10 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ది సిరీస్ అయింది. ప్రపంచ కప్‌లో 14 వికెట్లు. నవంబర్ 2న మనమ్మాయిలు ఆ కప్పు గెలిచిన రాత్రి మా వీధిలో టపాసులు ఆగలేదు. ఉప్పల్ అన్నా, ఇక్కడ నీ మాటకి నేను కొంత దిగివస్తున్నాను. ఆ ఐదు మ్యాచ్‌లు వరసగా ఇవ్వకుండా ఉంటే ఆ పిల్ల ప్రపంచ కప్‌కి వెళ్లేదో లేదో.

లీగ్ స్కోరర్:
మా ఊరి ముచ్చట కూడా. 2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టారు. మా ఊళ్లో బోర్డు బాగానే ఉంది, వాలీబాల్ స్తంభాలు పాతారు, లాంగ్‌జంప్ గుంట తవ్వారు. ఊరికి చాలా దూరం. పిల్లలు పోరు. సర్పంచ్ ఎన్నికలప్పుడు ఇంటికొచ్చిన ప్రతి అభ్యర్థీ యువజన సంఘానికి క్రికెట్ కిట్టు ఇస్తానన్నాడు. మేం కిట్టు వద్దన్నాం. బడి గ్రౌండ్‌లో సభలకి షామియానా గుంజలు పాతకుండా చూడండి, పాతితే గుంతలు పూడ్చండి అని అడిగాం. ఆ గుంతలో కాలు పడి మా కీపర్ చీలమండ మడతపడింది. గెలిచినాయన గుంతలు పూడ్పించాడు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

లింగంపల్లి అమ్మ:
మీ అందరి మాటలు చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. ఎన్‌బీఏ లాంటి చోట మర్నాడే రిపోర్టు పెడుతున్నారు. మన దగ్గర అంత వద్దు. సెలెక్షన్ మ్యాచ్‌ల స్కోరు కార్డులు, తీసుకున్నవాళ్ల పేర్ల పక్కన వాళ్ల అంకెలు పెడితే చాలదా? తల్లిదండ్రులం దీన్ని ఎలా అడగాలి?

లీగ్ స్కోరర్:
రాతలో అడగండి అమ్మా, ఒక్కరే కాకుండా పది మంది తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెట్టి. పాప పేరు ఎత్తొద్దు, పిల్ల మీద కక్ష పెట్టుకుంటారన్న భయం ఉండదు. మ్యాచ్ తేదీ, మైదానం, ఎవరితో ఆడారో రాసి, ఆ స్కోరు కార్డు అందరికీ కనబడేలా పెట్టమనండి. ఇంకో పని మీ చేతిలోనే ఉంది. మ్యాచ్ అయ్యాక స్కోరర్ దగ్గరికి వెళ్లి పేజీ ఫొటో తీసుకుంటామని అడగండి. నేనైతే ఎవరు అడిగినా తీసుకోమంటాను.

విజిల్ మాస్టారు:
బాస్కెట్‌బాల్‌లోనూ అంతే. స్కోర్ షీట్‌లో ఎవరి ఫౌల్ ఏ క్వార్టర్లో పడిందో ఉంటుంది. మ్యాచ్ అయ్యాక మా సంతకంతో ఒక కాపీ రెండు జట్లకీ ఇవ్వాలి. అడగండి, ఇస్తారు.

ఇక నాదో విన్నపం. మా పాత విద్యార్థులు పై నెలలో అండర్ 17 పిల్లలకి రెండు రోజుల పోటీ పెడుతున్నారు. ప్రసంగాలన్నీ బహుమతుల వేళకే అని ముందే రాసి పంపించాం. టేబుల్ దగ్గర మాత్రం మనుషులు చాలట్లేదు. షాట్ క్లాక్‌కి ఒకరు, ఫౌల్ లెక్కకి ఒకరు కావాలి. ముందు రోజు సాయంత్రం వస్తే నేను నేర్పిస్తాను.

ఉప్పల్ గ్యాలరీ:
షాట్ క్లాక్‌కి నేను వస్తాను మాస్టారూ. ఊరు, తేదీ మెసేజ్ పెట్టండి.

లింగంపల్లి అమ్మ:
ఫౌల్ లెక్కకి నా పేరు రాసుకోండి. బాబునీ తీసుకొస్తాను, వాడికి బ్లాకూ ఛార్జూ తేడా మీరే చెప్పాలి.